ముసలి తుపాకీకి ధర కట్టడం

ముందే ఒక మాట చెప్పేస్తాను. నాకు తుపాకుల పిచ్చి లేదు. అమెరికాలో తుపాకులు ఉండాలా వద్దా అనే వాదనలోకి దిగే ఓపిక అసలే లేదు. ఆ గొడవ ఆశించి వచ్చినవాళ్ళు నిరాశపడతారు. ఇది వట్టి ధర సంగతి. అమ్మేవాళ్ళకి తెలియని విలువ కొనేవాడికి తెలిసినప్పుడు ఏది న్యాయమైన ధర అన్న సంగతి. తుపాకీ అన్నది ఈసారి తగిలిన వస్తువు, అంతే.

నేనుండేది ఒహాయోలో, ఒక పెద్దావిడ ఇంటి పై భాగంలో అద్దెకి. ఆవిడకి డెబ్భై దాటాయి. భర్త పోయి ఏడాదిన్నర అవుతోంది. ఆయనకి పాత సైనిక సామాను సేకరించే సరదా. బెల్టులు, నీళ్ళ సీసాలు, హెల్మెట్లు వగైరాలతో గరాజ్ నిండి ఉండేది. చాలావరకు కూతుళ్ళు వచ్చి దానాలకీ చెత్తకీ పంపించేశారు. మిగిలినవి రెండు రైఫిళ్ళు. కూతుళ్ళిద్దరికీ అవి ఇంట్లో ఉండటమే ఇష్టంలేదు. ఆవిడ వాటి ఫోటోలు పట్టుకుని దగ్గర్లోని తుపాకుల దుకాణానికి వెళితే రెండూ కలిపి 300 డాలర్లు ఇస్తామన్నారట. ఇంటికొచ్చి నన్ను పిలిచి, "ఇందులో ఒకటి మీ దేశంలో చేసిందని మా ఆయన అంటుండేవాడు, దాని మీద మీ భాషలో ఏం రాసుందో చదివి పెట్టు, 300 సరైన ధరేనా చెప్పు" అంది.

నేను ఇంజనీరింగ్ చదివేటప్పుడు రెండేళ్ళు ఎన్‌సీసీలో ఉన్నాను. త్రీ నాట్ త్రీ పట్టుకుని ఎండలో డ్రిల్లు చేశాను. నాలుగు కిలోల చిల్లర బరువుంటుందది. భుజం మీద పది నిమిషాలుంటే నాలుగు కిలోలు నలభై అవుతాయి. తుపాకులతో నా పరిచయమంతా అదే. కాబట్టి మా టీములో ఉన్న అన్నని పిలిచాను. మాది ఒంగోలు దగ్గర, ఆయనది నరసరావుపేట. పదిహేనేళ్ళుగా ఇక్కడే ఉన్నాడు, సిటిజన్ కూడా అయ్యాడు. శనివారాలు రేంజికి వెళ్ళి పాత రైఫిళ్ళు కాలుస్తుంటాడు. "ఏరా, నిజంగా ఇషాపూరా? ముట్టుకోకుండా అట్టే ఉంచమను, వస్తున్నా" అన్నాడు.

ముట్టుకోకూడదన్నది నాకు మరింత గట్టిగా వర్తిస్తుంది. హెచ్1బి లాంటి వీసా మీదున్నవాళ్ళ దగ్గర తుపాకీ గానీ, ఆఖరికి ఒక్క తూటా గానీ ఉండటం ఇక్కడి ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. వేట లైసెన్సు ఉన్నవాళ్ళకి, ఇంకా కొందరికి మినహాయింపులున్నాయి గానీ సరదాకి ఆ తేనెతుట్టె కదిలించే ధైర్యం నాకు లేదు. మనవాళ్ళు చాలామంది స్నేహితుడి తుపాకీ పట్టుకుని ఫోటో దిగి ఫేస్‌బుక్‌లో పెట్టేస్తుంటారు, తర్వాత ఆ ఫోటో ఎవరెవరు చూస్తారో ఆలోచించరు. నేను మాత్రం ఆ రోజు రెండు గంటలూ చేతులు వెనక్కి కట్టుకుని, మ్యూజియంలో బడిపిల్లాడిలా నిలబడ్డాను.

విచిత్రమేంటంటే అదే రైఫిలు ఇండియాలోనూ నా చేతికి రాదు. 7.62, త్రీ నాట్ త్రీ రెండూ అక్కడ సైన్యం, పోలీసుల కేలిబర్లు, మామూలు పౌరులకి నిషిద్ధం. అందుకే అదే ఇషాపూర్ ఫ్యాక్టరీ పౌరుల కోసం విడిగా .315 స్పోర్టింగ్ రైఫిల్ అని తయారుచేసింది. అంటే మా దేశపు పన్నుల డబ్బుతో తయారైన తుపాకీని ఒహాయోలో ఒక రిటైర్డ్ మనిషి గరాజ్‌లో పెట్టుకోవచ్చు, నేను రెండు దేశాల్లోనూ ముట్టుకోకూడదు :)

సరే, సంగతిలోకి వద్దాం. మీ భాషలో ఏం రాసుంది అన్న ప్రశ్నకి జవాబు తేలిగ్గానే దొరికింది. అందులో హిందీ లేదు, బెంగాలీ లేదు, అన్నీ ఇంగ్లీషు అక్షరాలే. బట్ కలిసే చోట కుడివైపు ఇనుము మీద ఆర్.ఎఫ్.ఐ., 2ఏ1, 1967 అని ఉన్నాయి. వాటితోపాటు చిన్న ముద్ర, మూడు సింహాలు. నా పాస్‌పోర్టు తెచ్చి అట్ట మీదున్న సింహాలు చూపిస్తే ఆవిడ కళ్ళద్దాలు సర్దుకుని రెండూ పోల్చి చూసి చాలా సంతోషించింది. బ్రిటిషువాళ్ళ కాలంలో అక్కడ కిరీటం ఉండేది. 1947 తర్వాత కిరీటం పోయి సింహాలొచ్చాయి.

ఆర్.ఎఫ్.ఐ. అంటే రైఫిల్ ఫ్యాక్టరీ ఇషాపూర్. పశ్చిమ బెంగాల్లో హుగ్లీ ఒడ్డున ఉంది, 1904 నుంచి రైఫిళ్ళు చేస్తోంది. 1962లో చైనాతో యుద్ధం తర్వాత మన సైన్యానికి కొత్త ఆయుధాలు త్వరగా కావలసి వచ్చాయి. కొత్త 7.62 తూటాకి మారుతున్న రోజులవి. అందరికీ ఆధునిక రైఫిళ్ళు అందేలోపు వాడుకోవడానికి, చేయి తిరిగిన పాత లీ ఎన్‌ఫీల్డ్ డిజైన్‌నే తీసుకుని, ఇంకా గట్టి ఉక్కుతో, కొత్త తూటాకి సరిపోయేలా తయారుచేశారు. మొదట 2ఏ, తర్వాత 2ఏ1. రెంటికీ కనిపించే తేడా వెనక సైటు మీద ఉంటుంది. 2ఏలో పాత పద్ధతి ప్రకారం 2000 దాకా గుర్తులుంటే 2ఏ1లో 800 దగ్గర ఆపేశారు. రెండు వేల గజాల దూరంలో ఉన్న మనిషిని ఇనప సైటుతో ఎవరు కొడతారని ఎవరో తెలివైన ఇంజనీరు అడిగుంటాడు. మామూలు కాల్బలం కోసం రూపొందించిన చిట్టచివరి బోల్ట్ యాక్షన్ రైఫిల్ ఇదేనని చాలామంది అంటారు.

ఈ చరిత్ర ధరకెందుకు అంటారేమో. ఎందుకంటే ఈ రైఫిల్ ధరని ఏళ్ళ తరబడి కిందకి తొక్కింది ఒక అపోహ. త్రీ నాట్ త్రీ తుపాకీని బలవంతంగా 7.62కి మార్చారని, పేలిపోతుందని ప్రచారం. అది మార్పిడి చేసింది కాదు, మొదటినుంచీ 7.62కే చేసింది. సంగతి తెలిసినవాడు తెలియనివాడి దగ్గర చౌకగా కొనేవాడు. దుకాణదారులు కూడా అదే కథ చెప్పి తక్కువకి అడిగేవారు. సమాచారం డబ్బుగా మారడమంటే ఇదే.

ఇక అన్న పరీక్ష మొదలుపెట్టాడు. చిన్నప్పుడు మా తాతతో పశువుల సంతకి వెళ్ళిన రోజులు గుర్తొచ్చాయి. ఎద్దు అందంగా ఉందా లేదా అన్నది ఆఖరి సంగతి. ముందు నోరు తెరిచి పళ్ళు చూస్తాడు, తర్వాత గిట్టలు చూస్తాడు, కాస్త నడిపించి చూస్తాడు. అన్న కూడా అంతే. ముందు లోపల తూటా లేదని రెండుసార్లు చూసి, వేలు పెట్టి మరోసారి చూశాడు. ఆ తర్వాతే మిగతావన్నీ.

అంకెలు మొదట. తుపాకీ శరీరం మీద, గొట్టం మీద, బోల్టు మీద, కొన్నిటిలో ముందు మూతి మీద, చెక్క అడుగున కూడా సీరియల్ నంబరు ఉంటుంది. అన్నీ ఒకటే అయితే ధర ఎక్కువ. ఇది సేకరించేవాళ్ళ చాదస్తం అనుకున్నాను గానీ, దానికో ఇంజనీరింగ్ కారణం ఉంది. బోల్టు వెళ్ళి తూటా వెనక ఆనుకునే చోట ఖాళీ ఎంత ఉండాలో దానికి లెక్క ఉంది. ఎక్కువైతే కాల్చినప్పుడు తూటా డొల్ల చిట్లి, వేడి వాయువు మొహం మీదకి తన్నవచ్చు. అందుకే ఫ్యాక్టరీలో ఏ రైఫిల్ బోల్టుని ఆ రైఫిల్‌కే అమరుస్తారు. సైనిక గోదాముల్లో బోల్టులన్నీ ఊడదీసి ఒక పెట్టెలో, రైఫిళ్ళు మరో పెట్టెలో పెట్టి అమ్మేసిన సందర్భాలున్నాయి. తర్వాత ఏదో ఒకటి దూర్చి అమ్ముతారు. చూడ్డానికి బాగానే ఉంటుంది. లైబ్రరీ వెర్షన్ సరిపోకపోయినా కంపైల్ అయిపోయిన ప్రోగ్రాం లాంటిదది, రన్ చేసినప్పుడే తెలుస్తుంది. ఆవిడ ఇషాపూర్‌లో బోల్టు, శరీరం, గొట్టం మూడూ ఒకటే నంబరు.

తర్వాత గొట్టం లోపల. బోల్టు తీసేసి, వెనకనించి టార్చి వేసి, ముందునించి చూడాలి. మెలికలు పదునుగా, అద్దంలా మెరవాలి. చీకటిగా, గరుకుగా ఉంటే తుప్పు. పాత సైనిక తూటాల్లో చాలావాటి ప్రైమర్‌లో పొటాషియం క్లోరేట్ ఉండేది. పేలాక అది ఉప్పు జాతి పదార్థంగా మిగిలి, గాల్లో తేమ పీల్చి, రెండ్రోజుల్లో గొట్టాన్ని తినడం మొదలెడుతుంది. నూనె రాస్తే పోదు, ఉప్పు నూనెలో కరగదు కదా. నీళ్ళతో కడగాలి, వేడినీళ్ళయితే మరీ మంచిది. బద్ధకించని సిపాయి చేతిలో బతికిన తుపాకీ ఏది, బద్ధకిష్టి చేతిలో పడింది ఏది అనేది యాభై ఏళ్ళ తర్వాత కూడా టార్చి వేస్తే కనబడిపోతుంది. ఇది మాత్రం నాకు భలే నచ్చింది. ఏ హవల్దారు వెంటపడి కడిగించాడో గానీ 1967 నాటి ఆ గొట్టం మెరుస్తోంది.

చెక్క. ఇక్కడే ఎక్కువమంది విలువ పాడుచేస్తారు. మూతి దగ్గర చెక్క కోసేసి వేట తుపాకీలా చేసినవి 1950లు, 60ల నుంచి వేలకొద్దీ ఉన్నాయి. అలా కోసినదానికి సేకరించేవాళ్ళ దగ్గర సగం ధర కూడా రాదు. ఇషాపూర్‌లనయితే కొన్ని కంపెనీలు పొట్టిగా కోసి, జంగిల్ కార్బైన్ అని లేని చరిత్ర తగిలించి అమ్మాయి. కోయకపోయినా, ఉప్పు కాగితంతో రుద్ది వార్నిష్ కొడితే కూడా విలువ పోయినట్టే. చెక్క మీది ముద్రలు పోతాయి, అంచులు గుండ్రమవుతాయి. ఆవిడ అల్లుడు "నేను బాగా పాలిష్ చేసి పెడతా, ఇంకో వంద ఎక్కువొస్తుంది" అన్నాడట. అన్న అంత గట్టిగా "నో" అనడం ఆఫీసులో ప్రొడక్షన్ డేటాబేస్ జోలికి ఎవరైనా వెళ్ళినప్పుడు తప్ప నేను వినలేదు. ఈ రైఫిల్ ముందు చెక్కలో అడ్డంగా ఒక మర ఉంది. ఎవరో మరమ్మతు చేశారేమో, ధర తగ్గుతుందేమో అనుకున్నాను. కాదట. చెక్క చీలకుండా ఇషాపూర్‌లోనే బిగించేవాళ్ళు. సేకరించేవాళ్ళు దాన్ని ఇషాపూర్ మర అనే పిలుస్తారు. 

ఇంకోటి దిగుమతి ముద్ర. 1968లో వచ్చిన చట్టం సైనిక మిగులు తుపాకుల దిగుమతి ఆపేసింది. 1980ల మధ్యలో పాతవాటి వరకు మళ్ళీ తలుపులు తెరిచారు గానీ, తెచ్చిన కంపెనీ పేరు, ఊరు తుపాకీ మీద చెక్కాలి. ముద్ర లేనిదైతే 1968కి ముందు వచ్చిందనో, యుద్ధం నుంచి ఏ సైనికుడో తెచ్చుకున్నాడనో లెక్క, ధర పైకి పోతుంది. ఇషాపూర్ 2ఏ1లు ఇక్కడికి వచ్చిందే ఆ తర్వాత కాబట్టి ముద్ర ఉండటం మామూలే. దానికి పెద్దగా తగ్గించక్కర్లేదు.

ఇదంతా అయ్యేసరికి అన్న ముఖం వెలిగిపోతోంది. పక్కకి పిలిచి తెలుగులో, "ఒరే, ఇది నేనే కొంటా. నాలుగేళ్ళుగా వెతుకుతున్నా. 300 వస్తే చాలనుకుంటోంది కదా రెంటికీ కలిపి, నేను 400 ఇస్తా. ఆవిడకీ లాభమే" అన్నాడు. ఆవిడ మా ఇద్దరికీ నిమ్మరసం కలుపుతోంది లోపల.

అన్న చెడ్డమనిషి కాదని మీకు చెప్పాలి. ఆయన ఇచ్చే 400 దుకాణం ఇచ్చేదానికంటే 100 ఎక్కువ. బలవంతం లేదు, అబద్ధం లేదు. సంతలోనూ ఇంతే కదా. అయినా నాకు మింగుడు పడలేదు. అలా ఎందుకో చెప్పలేక రెండో తుపాకీ వైపు తిరిగాను.

రెండోది రష్యన్ మోసిన్ నగాంత్. 1891లో జారు సైన్యం స్వీకరించిన డిజైను. అన్ని రకాలూ కలిపి మూడున్నర కోట్లకి పైగా తయారయ్యాయంటారు. సోవియట్ యూనియన్ కూలాక ఇవి గోదాముల కొద్దీ ఇక్కడికొచ్చాయి. 2000లలో వంద డాలర్ల లోపే అమ్మేవాళ్ళని, కాస్మొలిన్ జిడ్డుతో సహా పెట్టెలో పెట్టి ఇచ్చేవాళ్ళని అన్న చెప్తుంటాడు. ఇవాళ అదే తుపాకీ నాలుగింతలైంది. గోదాములు ఖాళీ అయ్యాయి, రష్యా నుంచి తూటాల దిగుమతికి కొత్త పర్మిట్లు కూడా 2021లో ఆపేశారు. దుకాణంవాడి బుర్రలో ఇంకా పాత ధరే ఉందో, ఉన్నట్టు నటించాడో మరి.

దీన్ని అన్న పైపైన చూశాడు. ఆయన మనసు ఇషాపూర్ మీదుంది. ముట్టుకునే అవకాశం లేనివాడికి చూడటం తప్ప పని లేదు కదా, నేను అంగుళం అంగుళం చూశాను. గొట్టం మీద బాణం ఉన్న త్రికోణం, అంటే ఇజెవ్‌స్క్ ఫ్యాక్టరీ. కొంచెం ముందుకి, ఒక చిన్న చతురస్రంలో రెండు అక్షరాలు: ఎస్, ఏ. "అన్నా, ఈ ఎస్.ఏ. ఏంటి?" అన్నాను. అన్న వంగి చూశాడు. ఒక నిమిషం మాట్లాడలేదు.

అది ఫిన్లాండ్ సైన్యపు ముద్ర. 1939-40 శీతాకాల యుద్ధంలో, ఆ తర్వాత 1941-44లో, ఫిన్నులు రష్యన్లనుంచి వేలకొద్దీ రైఫిళ్ళు పట్టుకున్నారు. వాటిని బాగుచేసి, తమ ముద్ర కొట్టి, వాటితోనే రష్యన్లని ఎదుర్కొన్నారు. శత్రువు దగ్గర లాక్కున్న ఆయుధంతో శత్రువుని కొట్టడం మనకీ కొత్త కాదు. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద వరసగా పడి పట్టుకున్నవి కూడా సర్కారు తుపాకులే. ఆ తుపాకుల్లో ఒకటి ఇవాళ అమ్మకానికొస్తే మనం ఇనుము బరువు చూసి ధర కడతామా? ఫిన్లాండ్ ముద్రకి ఎక్కువిచ్చేది కూడా ఆ కథకే.

నిమ్మరసం తాగి, రేపు చెప్తామని ఆవిడకి చెప్పి బయటకొచ్చాక కారు దగ్గర గంటసేపు వాదించుకున్నాం.

అన్న వాదన ఇది: "నాకు తెలిసిందానికి నేను పదేళ్ళు పుస్తకాలు చదివాను. తుపాకుల సంతలో దుకాణదారుడు ఎస్.ఏ. ముద్ర చూసుకోకుండా మామూలు ధర కాగితం అంటిస్తే నేను నోరు మూసుకుని డబ్బులిచ్చి తెచ్చుకుంటా. అందులో పాపమేముంది? వాడి పని వాడు సరిగ్గా చెయ్యలేదు, నా పని నేను చేశా."

దానికి నేనూ ఒప్పుకుంటాను. వ్యాపారం చేసేవాడు తన సరుకు తెలుసుకోవాలి. ఆ తేడా మన చదువుకి కూలి. కానీ ఈవిడ మనకి అమ్మడానికి పిలవలేదు, ధర చెప్పమని పిలిచింది. ధర చెప్పేవాడు, కొనేవాడు ఒకడే అయితే ఆ ధరకి అర్థం లేదు. మన ఆఫీసులో కోడ్ రాసినవాడినే రివ్యూ చెయ్యనివ్వం కదా, వాడు మంచివాడు కాదని కాదు. మా ఊరి సంతలో బేరం తువ్వాలు కింద చేస్తారు. ఒకడి చెయ్యి మరొకడు పట్టుకుని వేళ్ళు నొక్కుతారు, చుట్టూ ఉన్నవాళ్ళకి అంకె తెలియదు. తువ్వాలు కింద ఉన్న రెండు చేతులకీ మాత్రం వేళ్ళ లెక్క తెలుసు. ఇక్కడ ఒక చెయ్యికే లెక్క తెలుసు. నేను అన్నతో అన్నదల్లా ఒకటే: "అన్నా, నువ్వు సలహా అయినా ఇవ్వు, కొననైనా కొను. రెండూ వద్దు. కొనేట్టయితే ధర నేను చెప్తా, నువ్వు ఒప్పుకుంటే తీసుకో."

అన్నకి కోపమొచ్చింది. "ముట్టుకోవడానికి లేనోడివి నువ్వు ధర చెప్తావా" అన్నాడు. అక్కడితో ఆగకుండా ఇంకో మాట కూడా అన్నాడు, అది ఇక్కడ రాయను. రాత్రి పదకొండుకి మెసేజ్ పెట్టాడు, "సరే, చెప్పు" అని.

ఇక లెక్క. ముట్టుకోలేనివాడు చెయ్యగలిగింది డేటా చూడటమే. ఇందులో ఒక్క నియమం గుర్తుపెట్టుకుంటే చాలు: అడిగే ధర ధర కాదు. ఇంటర్నెట్‌లో ఎవడో ఇషాపూర్‌కి 1100 అడుగుతున్నాడు, నెలల తరబడి అలా అడుగుతూనే ఉంటాడు. అమ్ముడుపోయిన ధరే ధర. గన్‌బ్రోకర్‌లో లాగిన్ అయితే ముగిసిన వేలాలు కనిపిస్తాయి. అక్కడ ఆ మధ్య అమ్ముడుపోయిన 2ఏ1లు ఒక ముప్ఫై దొరికాయి. అందులో కోసినవి, బోల్టు నంబరు కలవనివి, ఫోటోలు మసకగా ఉన్నవి తీసేశాను. బాయ్‌నెట్, బెల్టు, పాత పుస్తకంతో కలిపి అమ్మినదాన్ని కూడా తీసేశాను, అది పెళ్ళికూతురితో పాటు ఇల్లు ఇచ్చినట్టు. ఇద్దరు పట్టుదలకి పోయి 900 దాకా లాగినది ఒకటుంది, అదీ పక్కన పెట్టాను. మిగిలినవి చాలావరకు 430 నుంచి 600 మధ్య పడ్డాయి. నడిమి అంకె 520 దగ్గర.

అయితే 520 ఆవిడకి రావాలంటే ఆవిడే ఫోటోలు తీసి, వేలం పెట్టి, కమిషన్ కట్టి, పంపించే ఏర్పాటు చూసుకోవాలి. రాష్ట్రం దాటితే లైసెన్సున్న దుకాణం ద్వారానే వెళ్ళాలి. అవన్నీ తీసేస్తే చేతికొచ్చేది 450 నుంచి 480. అన్న ఇంటికొచ్చి తీసుకెళ్తాడు కాబట్టి 475 అంటే ఇద్దరికీ న్యాయం. ఇదే పద్ధతిలో ఫిన్నిష్ మోసిన్‌కి 550 దగ్గర తేలింది. దానికి సరిపోలే అమ్మకాలు తక్కువ దొరికాయి కాబట్టి ఆ అంకె మీద నాకు అంత ధీమా లేదు, ఆ మాటే కాగితం మీద కూడా రాశాను.

దుకాణంవాడిని నేను దొంగ అనను. అతనికి అద్దె ఉంది, ఆ తుపాకీ ఆరునెలలు గోడకే ఉండొచ్చు. సగం ధరకి కొనడం ఆ వ్యాపారంలో మామూలే. సగమంటే 500 పైన. 300 అన్నది మాత్రం ఆవిడ జుట్టు తెల్లగా ఉందని చెప్పిన అంకె.

మర్నాడు అన్న లేకుండా నేనొక్కడినే వెళ్ళి కాగితం ఇచ్చాను. రెండు తుపాకులు, వాటి ముద్రల అర్థం, అమ్మకాల అంకెలు, దుకాణానికి అమ్మితే ఎంత, వేలంలో ఎంత, ఇంట్లోంచే అమ్మితే ఎంత, అన్నీ. అన్నకి ఇషాపూర్ కావాలని ఉందని, ఆయన మనసులో 475 ఉందని, ఇంకెవరికైనా చూపించుకున్నా తప్పుగా అనుకోమని కూడా చెప్పాను. ఆవిడ కాగితమంతా నిదానంగా చదివింది. "మా ఆయన ఈ రష్యన్ దానికి 79 డాలర్లు పెట్టాడని నేను వారం రోజులు మాట్లాడలేదు" అంది. బీరువాలోంచి 1990ల నాటి బిల్లు కూడా తీసి చూపించింది, 79 డాలర్లే. లెక్క వేద్దామని నోటిదాకా వచ్చింది, ముప్ఫై ఏళ్ళకి వడ్డీ ఎంత, స్టాక్ మార్కెట్లో పెట్టుంటే ఎంతయ్యేది అని. ఆవిడ ఆ బిల్లుని మడిచిన తీరు చూసి ఊరుకున్నాను.

ఇషాపూర్ అన్నకే ఇచ్చింది, 475కి. మోసిన్‌ని అన్న వెళ్ళే రేంజిలో ఫిన్నిష్ రైఫిళ్ళు మాత్రమే సేకరించే ఒక పెద్దాయన 560కి తీసుకున్నాడు. బేరం ఆడకుండా, వెంటనే. అంత వెంటనే ఒప్పుకున్నాడంటే ఇంకా ఎక్కువ చెప్పాల్సిందా అని అన్న ఇప్పటికీ నన్ను ఏడిపిస్తుంటాడు. దాని బాయ్‌నెట్ మాత్రం ఆవిడ ఇవ్వనంది. మోసిన్ బాయ్‌నెట్ కత్తిలా ఉండదు, పొడుగాటి నాలుగు పలకల ఊచ, కొసన స్క్రూడ్రైవర్‌లా చదునుగా ఉంటుంది. భర్త బతికున్నప్పటినుంచీ పెరట్లో టమాటా మొక్కకి ఊతంగా పాతి ఉందట. పెద్దాయన దానికి విడిగా 40 ఇస్తానన్నా, "మొక్క కాపు మీదుంది" అంది.

ఒహాయోలో ఇద్దరు పౌరులు చేతులు మార్చుకోవడానికి దుకాణం అక్కర్లేదు గానీ, ఆవిడ పేరు మీద ఏ చిక్కూ ఉండకూడదని, రెండు అమ్మకాలూ బ్యాక్‌గ్రౌండ్ చెక్‌తో చేయిద్దామని అన్న పట్టుబట్టాడు. దగ్గర్లో ఆ పని చేసేది ఆ దుకాణమే. ముప్ఫై డాలర్లు ఫీజు తీసుకుని, ఫారం నింపించి, ఫోన్ చేసి, ఇషాపూర్‌ని కౌంటరు మీద అటూ ఇటూ తిప్పి చూశాడు అతను. "ఎంత పడింది?" అని అన్నని అడిగాడు. అన్న చెప్పాడు. "మంచి ధరకే కొట్టావ్, ఇవి ఈమధ్య దొరకట్లేదు" అన్నాడు. ఆవిడ అన్న పక్కనే నిలబడి రసీదు మీద సంతకం పెడుతోంది. పెన్ను ఆపి అతని వైపు ఒకసారి చూసి, మళ్ళీ సంతకం పూర్తిచేసింది.